ఎండ్ అనే మాటకు మూడు అర్థాలు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మేము ఎనిమిదో తరగతితో బడి వదిలి మగ్గం గుంటలో కూర్చున్నవాళ్ళం. ఇంగ్లీషు మాట గురించి వీళ్ళు చెప్పేదేమిటని నవ్వకండి. ఆ మాట మా సంఘం మెడ మీదికి వచ్చింది గనుక చెప్తున్నాము.

కొన్నేళ్ళ కింద మమ్మల్ని ఒక రివ్యూ మీటింగుకు పిలిచినారు. అప్పటికి మా సంఘంలో మగ్గాలు తగ్గిపోయినాయి, సరుకు నిలవ పడింది, మూసేస్తే మేలనే మాట నడుస్తా ఉంది. అధికారి ఫైలు తిరగేసి, "టు వాట్ ఎండ్ ఆర్ యూ రన్నింగ్ దిస్ సొసైటీ?" అని అడిగినారు. అందులో మాకు తెలిసిన మాట ఎండ్ ఒక్కటే. చీర నాణ్యం రాసే కాగితంలో ఎండ్స్, పిక్స్ అని ఉంటాయి కదా! ఎండ్ అంటే పడుగు పోగు, పిక్ అంటే పేక పోగు. లేచి నిలబడి, "అంగుళానికి 72 సార్" అన్నాము. గదంతా నవ్వింది.

ఇంటికి వచ్చి చెప్తే మా కోడలు నవ్వలేదు. ఆమె బడిలో ఇంగ్లీషు చెప్తుంది. "మామా, ఆయన అడిగింది పోగులు కాదు. ఏ ఉద్దేశంతో సంఘం నడుపుతున్నారని" అనింది. డిక్షనరీ తీసి కూర్చోబెట్టి చదివి చెప్పింది.

ఎండ్ చాలా పాత మాట. మొదట దాని అర్థం హద్దు, చివరి అంచు. సంస్కృతంలోని అంత అనే మాటకు, దీనికి వేరు ఒకటేనట. అంటే మనం అనే అంతం, దిగంతం దీనికి దూరపు చుట్టాలే. తరవాత ముగింపు అనే అర్థం బలపడింది. సుమారు 1300 నాటికి ఉద్దేశం అనే అర్థం కూడా చేరింది. ఆలోచిస్తే సరిగానే ఉంది. నడిచేవాడు ఎక్కడికి చేరి ఆగాలనుకుంటాడో, ఆ చోటే కదా వాడి నడకకు కారణం! గాంధీగారు కూడా 1909లో రాసిన హింద్ స్వరాజ్‌లో గమ్యం వేరు, దారి వేరు అని విడదీయరాదని వాదించినారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అధికారి ప్రశ్నకు మా దగ్గర నిజంగానే జవాబు లేదు. రిబేటు రావాలి, లోను రెన్యువల్ కావాలి, ఆడిట్‌లో మంచి క్లాసు రావాలి. అన్నేళ్ళూ వాటి వెనకే పరుగెత్తినాము. అవన్నీ దారులు. గమ్యం ఏదని ఎవరూ అడగలేదు, మేమూ అడుక్కోలేదు. 1912 నాటి సహకార చట్టంలోనే సంఘం ఆశయం సభ్యుల ఆర్థిక మేలు అని రాసి ఉంది. మా బైలాలోనూ ఉంది. ఆ పేజీ తిప్పి చూసి ఎన్నాళ్ళయిందో!

మర్నాడు ఖాళీ మగ్గాల ఇళ్ళకు బయలుదేరినాము. ఒక ఇంట్లో మగ్గం నిలిచి రెండేళ్ళయింది. భర్త మిల్లు పనికి ఊరు దాటినాడు. "ఏమమ్మా, మగ్గం ఎందుకు నిలిపినావు?" అని అడిగినాము. "నేను నిలపలేదన్నా, మీరు నూలు ఇవ్వలేదు. సభ్యత్వం ఆయన పేరున ఉంది, నీకు ఇయ్యలేమని మీ ఆఫీసులోనే చెప్పినారు" అనింది. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ మాట చెప్పింది మేమే.

ఆమె అటక మీది నుంచి ఒక మూట దించింది. గుడ్డలో చుట్టిన అచ్చు. పాత పడుగు కొసలు అందులో అట్లే ఉన్నాయి. ఇంట్లో పడుగు అన్నా, బజారులో తమిళంలో పావు అన్నా పని ఒకటే, మీకు చెప్పక్కర లేదు. పడుగు అయిపోయినప్పుడు ఆ కొసలు కోసి పారేయము. ఒక్కొక్క పాత కొసకు ఒక్కొక్క కొత్త పోగు మెలిపెట్టి అతుకుతాము. 46 అంగుళాల వెడల్పుకు 72 లెక్కన 3,312 అతుకులు. ఆమె ఆ కొసలను రెండేళ్ళు కాపాడుకుంది. మేము రిజిస్టరులో ఆ మగ్గానికి అడ్డగీత కొట్టినాము.

తరవాతి సర్వసభ్య సమావేశంలో నేసే ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకోవాలని తీర్మానం చేసినాము. ఒప్పుకోని పెద్దలు ఉన్నారు, గట్టిగా వాదన జరిగింది, అయినా నెగ్గింది. ఆమెకు పడుగు ఇచ్చినాము. పాత కొసలకే అతికి నేసింది. ఆమె వెనక మరికొన్ని మగ్గాలు లేచినాయి. మా సంఘం గొప్పగా ఉందని చెప్పము. అప్పు ఇంకా ఉంది. కానీ మూయలేదు.

ఎండ్ అంటే ముగింపు, ఎండ్ అంటే ఉద్దేశం, ఎండ్ అంటే పడుగు పోగు. ఉద్దేశం మరిచిన సంఘానికి ముగింపే మిగులుతుంది. కొస దాచుకున్న ఇంటికి మళ్ళీ అతికే వీలుంటుంది.

కడగా ఒక మనవి. మీ సంఘం ఎందుకోసం ఉందో, సభ్యులు చదవగలిగే భాషలో మినిట్స్ పుస్తకం మొదటి పేజీలో ఒకే వాక్యం రాయండి. ఏటా సభలో పైకి చదవండి. మీ రిజిస్టరులో అడ్డగీత పడిన మగ్గాల ఇళ్ళకు ఒకసారి పోయి, అటక మీద ఏముందో అడగండి.