పాత బండికి కొత్త సైలెన్సర్: ఎంపికలో విజ్ఞానశాస్త్రం



పది పదిహేనేళ్ళుగా తిరుగుతున్న స్కార్పియో, సుమో, సఫారీ వంటి పెద్ద వాహనాలు మన ఊళ్ళలో ఇప్పటికీ చాలా కనిపిస్తాయి. వాటిలో ఇంజను బాగానే పనిచేస్తున్నా, అడుగున ఉన్న సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడుతూ ఉంటుంది. అప్పుడు మెకానిక్ షెడ్డులో మూడు మార్గాలు చెబుతారు. కంపెనీ సైలెన్సరే మళ్ళీ వేయడం మొదటిది. అవే కొలతలతో బయట తయారైనది వేయడం రెండోది. లావు పైపుతో ‘ఫ్రీ ఫ్లో’ ఎగ్జాస్ట్ వేయడం మూడోది. మూడోదానితో పవర్ పెరుగుతుందని, శబ్దం గంభీరంగా ఉంటుందని అంటారు. ఇంట్లో పెద్దలు ఒకటి కోరితే పిల్లలు మరొకటి కోరతారు. మీరు తరగతిలో చదువుకున్న భౌతిక, రసాయన శాస్త్రాలతోనే ఈ విషయాన్ని తేల్చుకోవచ్చు. అదెలాగో ఈ రోజు చూద్దాం.

ఎగ్జాస్ట్ అంటే ఒక్క గొట్టం కాదు. ఇంజను నుంచి వచ్చే వాయువులు మానిఫోల్డ్‌లో కలుస్తాయి. టర్బో ఉన్న వాహనంలో దాని చక్రాన్ని తిప్పుతాయి. తరువాత క్యాటలిటిక్ కన్వర్టర్, సైలెన్సర్ దాటి చివరి పైపు గుండా బయటపడతాయి. అంటే ఈ వ్యవస్థకు మూడు పనులున్నాయి: వాయువును సులువుగా పంపాలి, శబ్దాన్ని తగ్గించాలి, విషవాయువులు మనుషులకు చేరకుండా చూడాలి. ఏది కొన్నా ఈ మూడు పనులూ జరగాలి.

ముందుగా పవర్ సంగతి. 2002లో విడుదలైన తొలి స్కార్పియోలో 2609 సి.సి. టర్బో డీజిల్ ఇంజను ఉండేది. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలిని పీల్చుకుంటుంది. నిమిషానికి 3000 చుట్ల దగ్గర, టర్బో నెట్టే అదనపు గాలిని లెక్కలోకి తీసుకోకపోయినా, సెకనుకు సుమారు 65 లీటర్ల గాలి లోపలికి పోతుంది. బయటికి వచ్చేటప్పుడు వాయువు వేడిగా ఉంటుంది. ఉష్ణోగ్రత 400 డిగ్రీల సెల్సియస్ అనుకుంటే, చార్లెస్ నియమం ప్రకారం ఆ ఘనపరిమాణం రెండు రెట్లు దాటి సెకనుకు 145 లీటర్లవుతుంది. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లున్న పైపులో ఈ వాయువు వేగం సెకనుకు సుమారు 74 మీటర్లు. వ్యాసాన్ని 63 మిల్లీమీటర్లు చేస్తే వేగం 47 మీటర్లకు తగ్గుతుంది. పైపు గోడల ఘర్షణ వల్ల పోయే పీడనమైతే దాదాపు మూడో వంతుకు పడిపోతుంది.

అయితే లావు పైపే మంచిదనిపిస్తోంది కదూ? ఇక్కడే ఆగి ఆలోచించాలి. తగ్గింది పైపులోని నిరోధం మాత్రమే. టర్బో వాహనంలో వాయువుకు ఎదురయ్యే పెద్ద అడ్డంకి టర్బో చక్రమే. అది అలాగే ఉంది. పైగా డీజిల్ ఇంజను శక్తి అది మండించే ఇంధనాన్ని బట్టి ఉంటుంది. ఎంత ఇంధనం చిమ్మాలో ఇంధన పంపు, కొత్త తరం ఇంజనులోనైతే కంప్యూటర్ నిర్ణయిస్తాయి. వెనక పైపు మార్చినంత మాత్రాన ఆ కొలత పెరగదు. వాయువును బయటికి నెట్టడానికి ఇంజను పడే శ్రమ కొంత తగ్గుతుంది, అంతే. శబ్దం పెరగడం వల్ల బండి చురుకైందని చెవి నమ్ముతుంది, కానీ గడియారం పట్టి వేగం కొలిస్తే తేడా స్వల్పమే. పాత సైలెన్సర్ మసితో పూడుకుపోయి ఉంటే మాత్రం, కొత్తది ఏది వేసినా పోయిన శక్తి తిరిగి వస్తుంది. దాన్ని చూసి లావు పైపు గొప్పతనం అనుకోకూడదు.

ఇప్పుడు శబ్దం గురించి. నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి చుట్టుకూ రెండుసార్లు ఇంధనం మండుతుంది. నిమిషానికి 2000 చుట్ల దగ్గర, అంటే హైవే మీద సాధారణ వేగంలో, సెకనుకు 67 పీడన తరంగాలు పుడతాయి. ఈ పౌనఃపున్యం వద్ద గాలిలో తరంగదైర్ఘ్యం సుమారు 5 మీటర్లు. అందులో సగం రెండున్నర మీటర్లు, ఇంచుమించు ఇలాంటి బండి లోపలి పొడవంత. అందువల్ల అనునాదం ఏర్పడి, ఒక వేగం దగ్గర బండి లోపలంతా గుయ్యిమని మోగుతుంది. షెడ్డు ముందు నిలబడి వింటే గంభీరంగా అనిపించిన శబ్దమే విజయవాడ నుంచి హైదరాబాదు చేరేలోగా తలనొప్పి తెస్తుంది. కంపెనీ సైలెన్సర్‌లోని గదులు, రంధ్రాల గొట్టాలు తరంగాలను వెనక్కు పరావర్తనం చేసి, ఒకదానితో మరొకటి రద్దయ్యేలా చేస్తాయి. మీరు చదివిన వినాశక వ్యతికరణం అదే. ఖాళీ పైపులో ఆ ఏర్పాటు ఉండదు.

డెసిబెల్ కొలమానాన్ని కూడా గుర్తుంచుకోండి. 10 డెసిబెల్‌లు పెరిగితే ధ్వని తీవ్రత పది రెట్లవుతుంది. మన దేశపు 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రులు, పాఠశాలల చుట్టూ 100 మీటర్ల మేర ఉండే నిశ్శబ్ద ప్రాంతంలో రాత్రి పరిమితి 40 డెసిబెల్‌లు. బండి మన సొంతమే కావచ్చు, కానీ దాని మోత వీధిలో అందరికీ చేరుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది విషవాయువుల విషయం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా దాన్ని పట్టుకుంటుంది. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజను కంటే దాన్ని తక్కువగా విడుదల చేస్తుంది గానీ, అసలు చేయకపోదు. బండి అడుగున ఒక జాయింటు కారుతూ, నేల రేకుకు ఒక చిల్లు ఉంటే, వెనక సీటులో నిద్రపోతున్న వారికి ఆ వాయువు చేరగలదు. క్యాటలిటిక్ కన్వర్టర్ ఈ వాయువును ఉత్ప్రేరకం సాయంతో కార్బన్ డయాక్సైడ్‌గా ఆక్సీకరణం చేస్తుంది. “అది తీసేస్తే బండి తేలికవుతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలాగూ వస్తుంది” అని కొందరు చెబుతారు. డీజిల్ బండికి చేసే పరీక్ష పొగ నలుపును కొలుస్తుంది. కంటికి కనిపించని వాయువుల సంగతి అందులో తేలదు. కనుక సర్టిఫికెట్ వచ్చింది కదా అని కన్వర్టర్ అక్కర్లేదనుకోవడం తప్పు.

ఇక లోహం ఎంపిక. ఒక లీటరు డీజిల్ మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు. ఆవిరి నీరై లోపలే నిలుస్తుంది. ఇంధనంలోని గంధకం వల్ల ఆ నీటికి ఆమ్లగుణం కూడా వస్తుంది. అందుకే సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో ఉప్పుగాలి బయటి నుంచి కూడా తినేస్తుంది. మామూలు ఇనుప రేకు చౌక, కానీ త్వరగా పోతుంది. అల్యూమినియం పూత వేసిన ఉక్కు దానికంటే మెరుగు. సుమారు 11 శాతం క్రోమియం ఉన్న 409 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఇంకా మన్నుతుంది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న 304 రకం ఉప్పుగాలిని బాగా తట్టుకుంటుంది. ఖర్చూ ఎక్కువే. బండిని ఇంకా ఎన్నేళ్ళు ఉంచుకుంటారో చూసుకుని లోహాన్ని ఎంచుకోండి.

చట్టం ఏం చెబుతుంది? 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 120వ నియమం ప్రకారం ప్రతి మోటారు వాహనానికీ సైలెన్సర్ ఉండి తీరాలి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే, 2019 సవరణ తరువాత మొదటి తప్పుకే పది వేల రూపాయల వరకు జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

కాబట్టి కొనేముందు ఈ ప్రశ్నలు వేసుకోండి. మారుస్తున్నది తుప్పు వల్లనా, సరదా కోసమా? పైపు వ్యాసం, సైలెన్సర్ పరిమాణం పాతదానికి సరిపోయాయా? కన్వర్టర్ యథాస్థానంలో ఉంటుందా? జాయింట్లకు కొత్త గ్యాస్కెట్లు, వేలాడదీసే రబ్బర్లు వేస్తున్నారా? చివరి పైపు బండి అంచు దాటి బయటికి వస్తోందా? బిగించాక ఒకసారి హైవే వేగంలో నడిపి, లోపల మోత ఎలా ఉందో విన్నారా? వీటికి సరైన జవాబులుంటే బయటి తయారీదైనా నిశ్చింతగా వేయించుకోవచ్చు. నా సలహా అడిగితే, టర్బో ఉన్న పాత డీజిల్ బండికి అవే కొలతలతో, మెరుగైన లోహంతో చేసిన సైలెన్సరే మంచి బేరం.

ఈ వారం మీరు ఒక చిన్న పరిశీలన చేయండి. ఇంజను ఆపి, బండి పూర్తిగా చల్లారాక, పెద్దవాళ్ళను వెంట పెట్టుకుని అడుగు భాగం చూడండి. జాయింట్ల దగ్గర నల్లటి మసి చారలుంటే అక్కడ వాయువు కారుతోందని అర్థం. అది కనిపిస్తే వెంటనే మెకానిక్‌కు చూపించండి, ఆలోగా ఆ బండిలో దూర ప్రయాణాలు వద్దు. తలుపులు మూసిన గ్యారేజీలో ఏ బండి ఇంజనునూ నడపవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.

మరో పాఠంలో మళ్ళీ కలుసుకుందాం. సెలవు.