బీపీ మిషను – నాడీలయ



బిజినేపల్లిలో మా యింట ఒక బీపీ మిషను గలదు. ప్రతిదినము ఉదయమున జబ్బకు పట్టీ చుట్టుకొని, మీట నొక్కి, పై యంకెను క్రింది యంకెను పుస్తకమున వ్రాసికొనుట నాకు నిత్యకృత్యము. అంకెలు మంచివైనచో సంతోషించుచుంటిని. వాని ప్రక్కను గుండె యాకారముగల చిన్న గుర్తొకటి కొన్ని దినములు మిణుకుమనుచుండెను. అది యలంకార మనుకొంటిని.

నర్సు చదువు చదువుచున్న మా మనుమరాలు సెలవులకు వచ్చి దానిని చూచినది. "తాతా, ఇది సింగారము కాదు. నీ నాడి లయ తప్పుచున్నదని మిషను చెప్పుచున్నది" అని నా మణికట్టుపై వ్రేళ్ళుంచినది. ముప్పదియైదేండ్లు పిల్లల పద్యములలో గణభంగమును, యతిభంగమును పట్టిన నేను, నా మణికట్టులోని భంగమును పట్టలేకపోయితిని.

మిషనుకు ఈ సంగతి యెట్లు తెలియును? పట్టీలోని గాలి చేతి నెత్తురును అడ్డగించును. ఆ గాలి మెల్లగా వెడలునపుడు ఒక్కొక్క నాడీస్పందనము పట్టీలోని యొత్తిడిని ఇంచుక కదలించును. ఆ కదలికలను బట్టియే మిషను రక్తపుపోటును లెక్కించును. కదలికకును కదలికకును నడుమ కాలము సమముగా లేనిచో కొన్ని మిషనులు గుర్తు చూపును.

ఇందులకు ముఖ్యకారణములలో నొకటి కర్ణికా కంపనము. గుండెలోని పై గదులు క్రమముగా ముడుచుకొనక వణకుచుండును. అచ్చట నెత్తురు నిలిచి గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ మెదడున కెక్కినచో పక్షవాతము. ఈ జబ్బు గలవారికి పక్షవాతభయము సుమా రైదురెట్లు అధికము. అయినను పలువురకు ఏ బాధయు తోచదు. అందుచేతనే 2013 లో ఇంగ్లాండు దేశపు నైస్ అను సంస్థ, పోటు చూచునపుడే దీనిని పసిగట్టు మిషనొకదానిని వైద్యుల వాడుకకు సిఫారసు చేసినది.

గుర్తు కనబడగానే బెదరరాదు. చేయి కదలినను, మాటలాడినను, అప్పుడప్పు డొక స్పందనము ముందుగా వచ్చినను అది కనబడవచ్చును. కనబడనంత మాత్రమున నిశ్చింతయు తగదు. అన్ని మిషనులు ఈ పని చేయవు. వీపాన్చి ఐదు నిమిషములు ఊరక కూర్చుండి, చేతిని గుండె యెత్తున బల్లపై నుంచి, నిమిషము చొప్పున ఎడమిచ్చి మూడుమార్లు చూడవలెను. లయ తప్పినపుడు పోటు అంకెలును నిలుకడగా నుండవు. గుర్తు మరల మరల వచ్చినచో వైద్యునికడ ఇ.సి.జి. తీయించుకొనవలెను. నిర్ణయము దానిదే గాని మిషనుది కాదు.

మూతి వంకరపోయినను, మాట తడబడినను, ఒకవైపు కాలుసేతులు పడిపోయినను, రొమ్మునొప్పి వచ్చినను మిషను వెదకుచు కూర్చుండరాదు. వెంటనే 108 కు ఫోను చేయవలెను.

నేను నాగర్‌కర్నూలు పోయి ఇ.సి.జి. తీయించుకొంటిని. కర్ణికా కంపనమే యని తేలినది. నెత్తురు గడ్డకట్టకుండ మందు వ్రాసిరి. దానిని సొంతముగా మానరాదని మఱిమఱి చెప్పిరి. నే నొక్కపూటయు మానలేదు. ఇప్పుడు నా పుస్తకమున రెండంకెల ప్రక్కను మూడవ గడి గీసికొంటిని. గుర్తు వచ్చెనా, రాలేదా యని అందు వ్రాయుచున్నాను. మీ యిండ్లలో మిషనున్నచో మీరును ఆ మూడవ గడిని గీసికొనుడని నా విన్నపము.

సెలవు.