అనంతపురము సీమలో వాన నడక



మన సీమలో ఏ యూరి రచ్చబండకు పోయినను వానకాలమున మొదట వినవచ్చు ప్రశ్న "మీ తట్టు పదునైనదా?" అనునదే. ఎన్ని అంగుళములు పడినదని యడుగువారు అరుదు. ఈ ప్రశ్నలో మన వాతావరణ మర్మమంతయు ఇమిడియున్నది.

అనంతపురమున సాలుసరి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా దాదాపు 22 అంగుళములు. నైఋతి ఋతుపవనము పడమటి కనుమల ఆవలనే తన భారమును దించుకొనును. అచ్చటి ఆగుంబెలో ఏటికి 7,000 మిల్లీమీటర్లకు మించి కురియగా, కనుమల నీడనున్న మనకు మిగులునది ఒట్టిగాలి. తూర్పున బంగాళాఖాతపు వాయుగుండములు మన వఱకు వచ్చుసరికి బలము తగ్గును. రెండు ఋతుపవనములకును మనము కడపంక్తి విస్తరివారము.

కౌటిల్యుని అర్థశాస్త్రమున వర్షమును ద్రోణములతో కొలుచు పద్ధతి కలదు. జాంగలదేశమునకు, అనగా మనవంటి మెట్టసీమకు, పదునారు ద్రోణములనియు, అనూపదేశమునకు అందులో సగము అధికమనియు చెప్పి ఆయన అంతటితో ఊరకుండలేదు. వానకాలపు మొదటి నెలలోను కడపటి నెలలోను కలిపి మూడవ వంతు, నడిమి రెండు నెలలలో మిగిలిన రెండు వంతులు కురిసినచో అది చక్కని వాన యనెను. కొలతకంటె పంపకము ముఖ్యమన్నమాట.

నేను బడిలో పనిచేయు దినములలో ఒక యేడు, జూలైలో, మంచి పదునున మా తండ్రిగారు ఎఱ్ఱనేల నాలుగెకరములలో వేరుశనగ విత్తిరి. పూత వచ్చినది. ఊడలు నేలలోనికి దిగవలసిన వేళకు బెట్ట పట్టినది. నెల దాటినను చినుకు లేదు. నేల గట్టిపడి ఊడ దిగలేదు. పిదప సెప్టెంబరు కడపట మూడు రాత్రులలో చెఱువు నిండునంత వాన! చెట్టు మరల పచ్చబడినది గాని, పీకి చూచిన కాయ లేదు. ఆ యేటి మొత్తము సగటునకు తగ్గలేదు గనుక మా మండలము కరవు పట్టికలో చేరలేదు. విత్తనపు అప్పునకై తండ్రిగారు ఎద్దులజత నమ్మిరి. అంతకు పూర్వము ఆయన కంది, సజ్జ, అలసంద సాళ్లు కలిపి విత్తెడివారు. ఒకటి పోయిన ఒకటి నిలిచెడిది. ధర చూచి ఆ యలవాటు మానుమని చెప్పినవాడను నేనే.

ఇప్పుడీ పంపకము మఱింత చెడుచున్నది. గాలి ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా ఆవిరిని మోయగలదు. కావున పడినపుడు కుండపోతగా పడుట కవకాశము పెరుగుచున్నది. 2021 నవంబరులో మన పొరుగున కడప జిల్లాలో చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి ఊళ్లు మునిగినవి, ప్రాణములు పోయినవి. కరవుసీమ యని పేరుపడిన చోటనే!

కార్తెలు తప్పుచున్నవని పంచాంగమును నిందించువారు కలరు. ఇందొక సంగతి వినుడు. కార్తెలు నక్షత్రముల ననుసరించునవి. ఋతువులు సూర్యుని ఉత్తర దక్షిణ గమనముల ననుసరించునవి. అయనచలనమువలన ఈ రెంటికి సుమారు 72 ఏండ్లకు ఒక దినము ఎడము పడును. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుని కాలమునుండి నేటికి ఇరువది దినములు. అయినను మా తండ్రిగారు చూచిన మృగశిరకును నేను చూచు మృగశిరకును ఒక దినమునకు మించి భేదముండదు. మన కన్నుల యెదుట మారినది నక్షత్రము కాదు, వానయే.

పెరటిలో చెట్టుగాని చూరుగాని అడ్డులేని చోట నిలువు గోడలుగల డబ్బా నొకదాని నుంచుడు. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు స్కేలుతో నీటిలోతు కొలిచి పంచాంగపు అంచున వ్రాయుడు. ఎకరముపై ఒక అంగుళము వాన యనగా లక్ష లీటర్లకు మించిన నీరు. వాన లేని దినమున సున్న వ్రాయుట మఱువకుడు. బెట్ట యెన్నాళ్లో తెలుపునది అదియే. పదవీవిరమణ చేసిన నాటినుండి నేను వ్రాయుచున్నాను. నా పంచాంగములలో అంకెలకంటె సున్నలే మెండు.