మంచి పప్పు బయటికి, బూజు పప్పు మన గిన్నెలోకి

(సంఘం మండల సమావేశంలో వేరుశనగ రైతులతో చేసిన ప్రసంగం)



వేరుశనగ మీద సమావేశం అంటే మనం ధర, బీమా, విత్తనాల సబ్సిడీ, ఈ మూడే మాట్లాడుకుంటాం. ఈరోజు తిండి గురించి మాట్లాడదాం. మనం పండించి మనమే తినే గింజలో చేరే విషం గురించి.

దాని పేరు అఫ్లాటాక్సిన్. పుచ్చిన పప్పు మీద, తడిసిన మొక్కజొన్న మీద పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు చూస్తుంటాం కదా, ఆ బూజు తయారుచేసే విషం ఇది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం వెతికితే దాణాలో కలిపిన వేరుశనగ చెక్కలో ఈ విషం దొరికింది. దీని కథ మొదలైందే మన పంటతో.

కోళ్లతో ఆగలేదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో అకాల వానలకు మొక్కజొన్న తడిసి బూజు పట్టింది. ఇంట్లో వేరే గింజ లేదు, అదే తిన్నారు. కామెర్లు వచ్చాయి, పొట్టలో నీరు చేరింది. నాలుగు వందల మంది దాకా జబ్బు పడితే వంద మందికి పైగా పోయారు. ఆ ఇళ్లలో మిగిలింది తిన్న కుక్కలకూ అదే జబ్బు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు వెళ్లి ఇది బూజు విషమేనని తేల్చారు. 2004లో కెన్యాలో కూడా మొక్కజొన్నతోనే 125 మంది చనిపోయారు.

అలా ఒక్కసారిగా చంపితే పేపర్లో వస్తుంది. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే ఎవరికీ తెలియదు. కాలేయ క్యాన్సర్‌కు ఇది కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఖాయంగా చెప్పింది, పొగాకును పెట్టిన జాబితాలోనే దీన్నీ పెట్టింది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఆ ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే పిల్లలకు ఆ టీకా మానొద్దు. వేయిస్తే పోతుందిలే, ఉడికిస్తే పోతుందిలే అనుకుంటాం. పూర్తిగా పోదు. కంటికి బూజు కనబడని పప్పులోనూ ఉండొచ్చు.

మరి ఇది ఎక్కడ పట్టుకుంటుంది? అధికారులు వచ్చినప్పుడల్లా 'మీరు సరిగా ఆరబెట్టరు' అంటారు. సగం మాటే అది. ఈ శిలీంధ్రం మన నేలలోనే ఉంటుంది. కాయ ఊరే చివరి మూడు నాలుగు వారాల్లో వాన మొహం చాటేసి భూమి వేడెక్కితే, కాయ నేలలో ఉండగానే లోపలికి దూరుతుంది. చెదలు, పురుగు కొరికిన కాయలోకి ఇంకా సులువుగా పోతుంది. అనంతపురం లాంటి వానాధార జిల్లాలో ఆ చివరి తడి ఎవరి చేతిలో ఉంది? బోరున్న వాడి చేతిలో కొంత, మబ్బు చేతిలో అంతా. కరువొచ్చిన ఏడాది దిగుబడి ఒక్కటే కాదు పోయేది.

పీకిన తర్వాతది మాత్రం మన చేతిలో కొంత ఉంది. చెట్టును తిరగేసి కాయ పైకి ఉండేట్టు పరచడం పెద్దవాళ్లు నేర్పిన పద్ధతే, అది మంచిది. కాయ ఊపితే గింజ గలగలలాడాలి, తేమ 8 శాతానికి దిగాలి, అప్పుడే గోతాల్లోకి. కాయలు వలిపించే మిషన్ దగ్గర పప్పు పగలకూడదని, తూకం పెరగాలని కాయల మీద నీళ్లు చల్లుతారు చూడండి, ఎండబెట్టిన కష్టమంతా ఆ నీళ్లతో పోతుంది. మన కాయల మీద చల్లనివ్వొద్దు. వ్యాపారి గోడౌనులో చల్లేదాన్ని ఎవరు ఆపాలి? అధికారులు అక్కడికి కూడా పోవాలి కదా.

ఇక అసలు సంగతి. యూరప్ వాళ్లు తినే పప్పులో ఈ విషం కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదని నిబంధన. పది టన్నుల లారీలు వంద నిలబెడితే, అన్నిట్లో కలిపి 4 గ్రాములు! అందుకని ఎగుమతి సరుకును గింజ గింజా ఏరతారు. మంచిదే. ఏరి పక్కన పడేసిన ముడతలు పడ్డ పప్పు, రంగు మారిన పప్పు, పగిలిన పప్పు ఎక్కడికి పోతోంది? పారబొయ్యరు. తక్కువ ధరకు అమ్ముతారు. కొంత గానుగకు పోతుంది, కొంత చిల్లర అంగట్లో పచ్చడికి, చిక్కీకి. గానుగలో విషం ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది. ఆ చెక్క ఆవు తింటే, విషం రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగేది మన పిల్లలు.

మన ఇళ్లలోనూ అంతే. మంచి కాయ మండీకి పోతుంది, తాలు, పుచ్చు ఇంటికి మిగులుతుంది. పీకేశాక నేలలో ఉండిపోయిన కాయలను పరిగె ఏరుకుంటారు కూలి అక్కలు. వాటిల్లో ఈ విషం ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే అవి ముదిరిపోయినవి, తొడిమె వదిలినవి, రోజుల తరబడి మట్టిలో ఉన్నవి. వాళ్లను ఏరొద్దని చెప్పే హక్కు మనకు లేదు. ఏరుకున్నవి మాత్రం బాగా ఎండబెట్టి, వలిచి, చెడ్డ పప్పు తీసేసి తినమని చెప్పాలి. మనం కూడా అంతే. రంగు మారిన పప్పు, ముడత పప్పు పచ్చడికీ వద్దు, గొడ్డుకూ వద్దు. పిడికెడు పప్పు పారేస్తే అవ్వలకు మనసొప్పదు, తెలుసు. చిన్నగా చెప్పుకోవాలి.

సర్కారును అడగాల్సింది వేరే ఉంది. ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టే పరీక్షను పటాన్‌చెరు ఇక్రిశాట్ ఏనాడో తయారుచేసింది. అది మార్కెట్ యార్డులో ఉండాలి. శుభ్రంగా ఎండబెట్టి తెచ్చిన రైతుకు క్వింటాలుకు పైధర రావాలి. ఇప్పుడు బాగా ఎండిన కాయ తూకం తగ్గి మనకే నష్టం, తడికాయ తెచ్చినవాడిదీ అదే ధర. పరీక్షలో పోయిన సరుకును తిండిలోకి రాకుండా విడిగా కొని, నష్టం రైతు నెత్తిన పెట్టకుండా చూడాలి. ఆ మాట లేకుండా పరీక్ష ఒక్కటే పెడితే, అది ధర కొయ్యడానికి వ్యాపారి చేతికి ఇచ్చిన కత్తి అవుతుంది. పీకే రోజుల్లో టార్పాలిన్ పట్టలు సబ్సిడీ మీద ఇవ్వాలి, కాయలు అమ్ముడుపోయాక కాదు. బడి పిల్లలకు ఇచ్చే చిక్కీకి ఏ పప్పు వాడుతున్నారో, పరీక్ష చేశారో లేదో కాగితం చూపించాలి.

ఇవన్నీ రాసిన అర్జీ బల్ల మీద ఉంది. చదివి, మార్పులుంటే చెప్పండి, సంతకాలు పెట్టండి. కాయలు యార్డుకు రాకముందే కలెక్టరాఫీసులో ఇవ్వాలి.