కోరంగి రేవు, మడ అడవి



గౌతమీ గోదావరి సముద్రమును చేరుచోట కోరంగి యను గ్రామము కలదు. పాత పటములలో ఆ పేరు పెద్ద అక్షరములతో కానవచ్చును. క్రొత్త పటములలో దానిని వెదకి పట్టుకొనవలెను. పదునెనిమిది, పందొమ్మిదవ శతాబ్దములలో అది ఓడలు కట్టిన రేవు. గోదావరిమీద తేలివచ్చిన కలపతో అచటి వడ్రంగులు సముద్రయానమునకు తగిన నావలు నిర్మించిరి. సరకుతోపాటు మనుష్యులును అక్కడినుండియే బర్మాకు పోయిరి. ఆ దేశములో తెలుగువాడు ఏ మండలమువాడైనను అతనికి ‘కోరంగి’ యను పేరే స్థిరపడినది. రంగూను రేవులో మూటలు మోసినవాడు శ్రీకాకుళమునుండి పోయినను కోరంగియే. 1942లో జపాను సేనలు బర్మాను ముట్టడించినప్పుడు అడవులగుండ కాలినడకను స్వదేశమునకు బయలుదేరిన భారతీయులలో వీరనేకులు. దారిలో రాలిపోయినవారి లెక్క ఎవరును వ్రాసిపెట్టలేదు.

రేవు ఎట్లు నశించినదని అడిగినచో ఉప్పెనలను చూపుట వాడుక. 1789 డిసెంబరులో మూడు మహాతరంగములు ఒకదానివెంట నొకటి వచ్చి ఊరిని ముంచినవి. 1839 నవంబరులో మరియొక ఉప్పెన ఓడలను ఎత్తి భూమిమీద పడవైచినది. కలకత్తాలో గాలివానలను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెననుగూర్చి వ్రాసెను. చుట్టచుట్టుకొన్న పామును తలపించు ‘సైక్లోను’ అను పదమును 1848లో లోకమునకు ఇచ్చినవాడును అతడే. అయినను గాలిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. విరిగిన ఓడను మరల కట్టవచ్చును. పూడిన నదీముఖమును ఏమి చేయగలరు? గోదావరి ఏటేట తెచ్చిన ఒండ్రు మెల్లమెల్లగా ఓడల దారిని మూసివేసినది. వర్తకము కాకినాడకు తరలిపోయినది. ఆ ఇసుకయు ఒండ్రుమన్నుమే ఉత్తరముగా సాగి సుమారు 16 కిలోమీటర్ల పొడవుగల హోపు దీవియైనది. ఆ దీవి అడ్డుగా నుండుటచేతనే నేడు కాకినాడ అఖాతములో నీరు నెమ్మదిగా నుండును.

ఒండ్రుమీదనే మడ అడవియు పెరిగినది. బయటివారి కంటికి అది బురదగుంట. తెలిసినవారికి అది చేపలకును రొయ్యలకును పురిటిగది. ఊపిరాడని బురదలో నిలిచిన మడచెట్టు తన వేళ్లను మేకులవలె పైకి పంపి గాలి పీల్చుకొనును. త్రాగిన ఉప్పును ఆకులద్వారా వెలిగ్రక్కును. ఉప్పుపొన్న విత్తనము చెట్టుననే మొలకెత్తి, మొక్కయై క్రిందికి జారును. తిల్లచెట్టు పాలు కంట పడినచో చూపునకే ముప్పు. కట్టె కొట్టువారు దానికి దూరముగా మెలగుదురు. రాలిన ఆకులు కుళ్లి చిరుప్రాణులకు మేతయగును, వానిని రొయ్యపిల్లలు తినును, ఆ రొయ్యలు ఎదిగి సముద్రములో జాలరి వలను చేరును.

ఈ అడవిని 1978లో వన్యప్రాణి ఆశ్రయస్థానముగా ప్రకటించిరి. విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నీటికుక్కలు గుంపులుగా ఈదులాడుట అక్కడ చూడవచ్చును. బావురుపిల్లి మాత్రము సులభముగా కానరాదు. చాలవరకు రాత్రివేళ నీటియంచున పొంచియుండి చేపను పట్టును. పిల్లిజాతిలో నీటికి వెరవనిది ఇట్లుండుట విచిత్రమే. శీతకాలము ముగియు దినములలో సముద్రపు తాబేళ్లు హోపు దీవి ఇసుకకు వచ్చి, ఒక్కొక్కటి నూరుగుడ్లకు అటునిటుగా పెట్టి, మరల కడలిలో కలిసిపోవును. తాబేలు గాలికొరకు నీటిపైకి రావలసిన జీవి. ట్రాలు వలలో చిక్కి అడుగుననే నిలిచిపోయినచో దానికి చావే. తాబేలు బయటపడుటకు వలలో ద్వారముంచు పరికరము కలదు గాని, ఆ దారిని చేపయు పోవునని జాలరుల సంకోచము. వారి నష్టభయమును కొట్టివేసి తాబేలును మాత్రమే కాపాడవలెననుట దూరముననున్నవారి మాట.

అడవి నరకువారును పరాయివారు కారు. తీరగ్రామములలో మడకట్టె పొయ్యిలోనికి వచ్చెను; దడికి, ఇంటి నిట్టాడికి వచ్చెను. 1990 తరువాత రొయ్యల చెరువులు విస్తరించినవి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు చెరువులపై కఠినమైన తీర్పు చెప్పినది. దానికి నెలదినముల ముందే, నవంబరు 6న, కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. దట్టమైన మడతోపు అలల బలమును తగ్గించునని చెప్పుటకు శాస్త్రము కలదు. ఉప్పెనను చూచిన తరమునకు శాస్త్రముతో పనిలేదు. అయినను 2020లో కాకినాడ యంచున పేదల ఇండ్లస్థలములకై మడ కొట్టివేసిన విషయము న్యాయస్థానములదాక పోయినది. పేదవానికి ఇల్లు కావలసినదే. ఉప్పెనకు ఎదురుగా ఆ ఇంటికి కాపున్న చెట్టును కొట్టి ఇచ్చుట ఏమి ఉపకారమో విజ్ఞులు యోచింతురు గాక.

తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, మరపడవల వేటకు నిషేధము కలదు. ఆ దినములలో పడవలు ఒడ్డెక్కును. కలఫతు కొట్టి, పలకలు మార్చి, రంగు పూయుదురు. కోరంగి పొరుగున తాళ్లరేవులో కఱ్ఱపడవలు కట్టు నేర్పరులు పేరెన్నికగన్నవారు. ఓడల కాలమునాటి ఉలియు బాడిసయు అక్కడ ఇంకను మూలబడలేదు.