గోలలో నుండి నాదము: జిమీ హెండ్రిక్స్ గిటారు

సభలలో మైక్రోఫోను లౌడ్‌స్పీకరునకు ఎదురుగా వచ్చినప్పుడు చెవులు చిల్లులు పడునట్లు ఒక కూత వెలువడుట శ్రోతలందరు ఎరిగినదే. లౌడ్‌స్పీకరు నుండి వచ్చిన ధ్వని తిరిగి మైక్రోఫోనులో ప్రవేశించి, మరింత పెద్దదై వెలికి వచ్చి, మరల లోనికి పోయి, ఇట్లు తిరుగుచు పెరుగుటయే దానికి కారణము. ఆ కూత పుట్టకుండ కాపలా కాయుట రేడియోలో పనిచేయు మా నిత్యకృత్యము. అట్టి కూతనే చేత చిక్కించుకొని, దానిచేత పాట పాడించిన గిటారు వాదకుడు ఒకడు అమెరికాలో ఉండెను. అతడే జిమీ హెండ్రిక్స్. అతడు జీవించినది 27 ఏండ్లు. అందు ప్రపంచము అతనిని ఎరిగినది నాలుగేండ్లకు లోపుగనే.

కళాశాల దినములలో ఒక మిత్రుని గదిలో అతని రికార్డును తొలిసారి వినినప్పుడు, ఇదియు సంగీతమేనా అని మేము మధ్యలోనే లేచి వచ్చితిమి. ఆ తొందరపాటును దిద్దుకొనుటకు మాకు చాల కాలము పట్టినది.

హెండ్రిక్స్ 1942 నవంబరు 27న వాషింగ్టన్ రాష్ట్రమందలి సియాటిల్ నగరమున ఒక పేద నల్లజాతి కుటుంబములో జన్మించెను. తల్లి పెట్టిన పేరు జానీ ఆలెన్. అప్పుడు సైన్యములో నున్న తండ్రి, ఇల్లు చేరిన పిమ్మట, ఆ పేరును జేమ్స్ మార్షల్ అని మార్చెను. తల్లిదండ్రులు విడిపోయిరి, 1958లో తల్లి మరణించెను. చీపురుకట్టను పట్టుకొని గిటారు వాయించినట్లు అభినయించు ఆ బాలునికి మొదట దొరకినది ఒకే తంత్రి మిగిలిన పాత యుకులేలీ. తరువాత అయిదు డాలర్ల గిటారు. ఎడమచేతి వాటము వాడగుటచే, కుడిచేతి వారికై చేసిన గిటారును తలక్రిందుగా పట్టి, తంత్రులను వరుస మార్చి కట్టుకొనెను. స్వరలిపి చదువ నేర్వలేదు. మడ్డీ వాటర్స్, బి. బి. కింగ్ మొదలగు బ్లూస్ విద్వాంసుల రికార్డులే అతని పాఠశాల.

బ్లూస్ అనునది అమెరికా దక్షిణ రాష్ట్రములలోని నల్లజాతి ప్రజల కష్టములలో నుండి పుట్టిన గానము. తంత్రిని మెట్టుపై ప్రక్కకు లాగి, ఒక స్వరము నుండి పై స్వరమునకు జారుట అందలి గిటారు వాదనకు ప్రాణము. వీణపై తంత్రిని లాగి గమకము పలికించుట ఎరిగిన మన చెవికి ఈ పోకడ పరాయిది కాదు.

1961లో అతడు సైన్యమందలి పారాచ్యూటు దళములో చేరి, మరుసటి సంవత్సరమే వెలికి వచ్చెను. పిమ్మట ఐస్లీ సోదరులు, లిటిల్ రిచర్డ్ వంటి గాయకుల వెనుక వరుసలో నిలిచి ఊరూర వాయించెను. 1966లో న్యూయార్కులోని ఒక చిన్న కాఫీశాలలో వాయించుచుండగా, 'ఆనిమల్స్' బృందమునకు చెందిన ఛాస్ ఛాండ్లర్ అతనిని విని, సెప్టెంబరులో లండనునకు తీసికొనిపోయెను. నోయెల్ రెడింగ్, మిచ్ మిచెల్ అను ఇరువురితో అచట బృందము ఏర్పడెను. 1967 మే నెలలో వారి మొదటి ఆల్బము వెలువడెను.

ఇక అతని విద్య ఎట్టిది? విద్యుత్ గిటారులో తంత్రుల క్రింద అయస్కాంతములు, వాని చుట్టును సన్నని తీగచుట్టలు ఉండును. తంత్రి కంపించినప్పుడు అందు విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెద్దది చేయును. ధ్వనిని మిక్కిలి పెంచినచో, లౌడ్‌స్పీకరు నుండి వచ్చు కంపనమే తంత్రిని మరల కదలించును. మీటకున్నను స్వరము ఆగదు. ఇది మేము భయపడు ఆ కూతయే. హెండ్రిక్స్ తాను నిలుచు దూరమును, గిటారును త్రిప్పు కోణమును మార్చుచు, ఆ ధ్వనిని కోరిన స్వరమునకు తెచ్చుకొనెను. మనస్సును మత్తులో తేలించు అనుభవమును ధ్వనిలో చూపగోరిన ఆనాటి 'సైకెడెలిక్' సంగీతములో పలువురికి ఇట్టి శబ్దములు వింతలు. అతనికి మాత్రము భాష.

1967 జూన్ 18న కాలిఫోర్నియాలోని మాంటెరీ ఉత్సవములో అతడు వేదికపై తన గిటారును తగులబెట్టెను. ఆ దినముననే మధ్యాహ్నము అదే ఉత్సవములో సితారు వాయించిన పండిత రవిశంకరులకు ఆ దృశ్యము మనస్తాపము కలిగించెను. వాద్యమునకు మ్రొక్కి గాని తాకని సంప్రదాయము మనది. మేమును ఆ పనిని సమర్థింపజాలము. అయినను, ఆ ఒక్క మంటను చూచి అతని సంగీతమంతటిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ప్రేక్షకులు ఇట్టి విన్యాసములనే కోరుచుండుట తుదకు అతనికే విసుగు కలిగించెను.

1969 ఆగస్టు 18, ఉదయము. వుడ్‌స్టాక్ ఉత్సవమునకు వచ్చిన లక్షల జనములో అధికభాగము అప్పటికే ఇండ్లకు మరలిరి. హెండ్రిక్స్ తన దేశపు జాతీయగీతమును గిటారుపై ఎత్తుకొనెను. నడుమ నడుమ తంత్రులు అరచెను. విమానములు దూకినట్లు, బాంబులు ప్రేలినట్లు ధ్వనించెను. అవి వియత్నాము యుద్ధపు దినములు. కొందరు దానిని జాతికి అవమానమనిరి. అది తనకు సుందరముగా తోచెనని అతడు టెలివిజనులో వినయముగా బదులు చెప్పెను.

1970 ఆగస్టులో న్యూయార్కున అతని సొంత స్టూడియో ప్రారంభమాయెను. నెల తిరుగకయే, సెప్టెంబరు 18న, నిద్రమాత్రలు మితిమీరి సేవించిన మత్తులో, లండనులో అతడు మరణించెను. ఈ మరణములో కొనియాడదగినది ఏమియు లేదు. ఇంకను చేయవలసిన పని ఎదుట నుండగా పోవుటయే అందలి దుఃఖము.

లండనులో అతడు కొంతకాలము నివసించినది బ్రూక్ వీథిలో 23వ నెంబరు ఇంటి పై అంతస్తులో. ప్రక్కనున్న 25వ నెంబరు ఇంట పదునెనిమిదవ శతాబ్దిలో హాండెల్ నివసించెను. ఇరువురును పరదేశము నుండి వచ్చి లండనులో పేరు గడించిన వారే. నేడు ఆ రెండు ఇండ్లును కలిసి ఒకే ప్రదర్శనశాల.

అతనిని క్రొత్తగా వినగోరువారు 1967 నాటి 'లిటిల్ వింగ్'తో మొదలిడుట మేలు. అది రెండున్నర నిమిషములకు మించదు. అందు మంటలు లేవు, అరుపులు లేవు. ఆ మృదుత్వమును వినిన పిమ్మట వుడ్‌స్టాక్ గీతమును వినినచో, అతడు గోల చేయుచున్నాడో, గోలను గూర్చి మనకు ఏమైన చెప్పుచున్నాడో శ్రోతలే నిర్ణయింపగలరు. మా స్టూడియోలో ఆ కూత వినబడినచో మేము ఇకముందును అణచివేయుదుము. అది మా విధి. అయితే, అణచుటకు ముందు ఒక్క క్షణము చెవి యొగ్గుదుము.