అడిగినది ఎవరు?

(ఒక న్యాయవాదుల కార్యాలయం నడుపుతున్న ఉచిత కుటుంబ సలహా కార్యక్రమానికి మూడు సంవత్సరాలు నిండిన సందర్భంగా జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన పట్టణంలో కోర్టు వీధిలోని ఈ కార్యాలయం ప్రతి ఆదివారం ఉదయం ఉచిత సలహా కోసం తలుపులు తెరవడం మొదలై మూడు సంవత్సరాలు నిండాయి. ఈ సందర్భంలో నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని కోరారు. మేము న్యాయశాస్త్రం చదివినవారము కాము. ముప్పై నాలుగు సంవత్సరాలు రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారము. మహల్లా పెద్దలలో ఒకరుగా అనేక పంచాయితీలలో కూర్చున్నవారము. ఆ పంచాయితీలలో మేము చేసిన ఒక తప్పును గురించి చెప్పడానికే ముఖ్యంగా ఈ వేదిక ఎక్కాము.

ముందుగా ఈ కార్యాలయంలో ఎవరెవరు ఉన్నారో చెప్పాలి. వకీలు సాబ్ అంటే నల్ల కోటు వేసుకుని న్యాయమూర్తి ముందు నిలబడే ఒక్క మనిషే అని మనలో చాలామంది భావిస్తారు. ఇక్కడ ఒక సీనియర్ న్యాయవాది, ఇద్దరు జూనియర్లు, ఒక గుమాస్తా, ఒక టైపిస్టు ఉన్నారు. సీనియర్ గారు మన ధర్మానికి చెందినవారు కారు. అయినా నికాహ్, మహర్, ఇద్దత్ అనే మాటల అర్థాన్ని పుస్తకాలు ముందు పెట్టుకుని నేర్చుకున్నారు. జూనియర్లలో ఒకరు మన బిడ్డే. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీ నలుగురు మగవాళ్ళ మధ్య నోరు విప్పదని ఆమెకు తెలుసు. అందుకే లోపలి గదిలో కూర్చోబెట్టి, తల్లిని కూడా బయట ఉండమని చెప్పి, ఒక్కదానితోనే మాట్లాడుతుంది. టైపిస్టు రాసిన ప్రతి కాగితాన్నీ సంతకానికి ముందు గట్టిగా చదివి వినిపిస్తాడు. చదువు రాని అమ్మ ఉంటే ఉర్దూలో చెబుతాడు. ఇక గుమాస్తా. వకాల్తా దాఖలు చేయడం, నకళ్ళకు దరఖాస్తు పెట్టడం, వాయిదా తేదీలు గుర్తు చేయడం ఆయన పని. మేము కూడా గుమాస్తాలమే కనుక ఆయన పని విలువ మాకు బాగా తెలుసు. మా తప్పు మాకు తెలిసివచ్చింది ఆయన వల్లనే.

పది సంవత్సరాల క్రిందటి మాట. మా మహల్లాలో బీడీలు చుట్టుకుని బ్రతికే ఒక అమ్మాయి ఉండేది. భర్త గల్ఫ్‌లో ఐదేళ్ళు ఉండి తిరిగి వచ్చాడు. వచ్చిన మూడు నెలలకే ఈమెతో కాపురం చేయనని తెగేసి చెప్పాడు. రెండు కుటుంబాలవారూ మా వద్దకు వచ్చారు. ఐదుగురు పెద్దలము కూర్చున్నాము. ఇషా నమాజు తరువాత మొదలైన మాటలు అర్ధరాత్రి దాకా సాగాయి. అతను దిగిరాలేదు. అప్పుడు మాలో ఒకరు ఒక మార్గం చెప్పారు. “తలాఖ్ అంటే మహర్ ఇవ్వాలి, అతని దగ్గర ఇప్పుడు డబ్బు లేదంటున్నాడు. అమ్మాయే ఖులా అడిగినట్లు రాస్తే రేపటితో పని ముగుస్తుంది” అన్నారు. మిగిలిన నలుగురము తల ఊపాము. కాగితం రాసినది మేమే. మా అక్షరం బాగుంటుందని ఆ పని ఎప్పుడూ మాకే అప్పగించేవారు. “సంతకం చెయ్యి బేటీ, నీ దారి నీకు ఏర్పడుతుంది” అన్నాము. “మీరు చెబితే చేస్తాను చాచా” అని ఆ అమ్మాయి సంతకం చేసింది. ఆమె ఒడిలో రెండేళ్ళ బాబు నిద్రపోతున్నాడు.

ఏడు సంవత్సరాల తరువాత, బాబు చదువుకు డబ్బు చాలక, ఆమె ఒక ఆదివారం ఈ కార్యాలయానికి వచ్చింది. తోడుగా మేమే వచ్చాము. గుమాస్తా గారు కాగితం ఆసాంతం చదివారు. కళ్ళజోడు తీసి, “ఇందులో విడిపోవాలని అడిగినది అమ్మాయి అని ఉన్నది. నిజానికి అడిగినది ఎవరు?” అన్నారు. ఆ అమ్మాయి మా వైపు చూసింది. మేము తల దించుకున్నాము.

పెద్దలారా, ఆ ఒక్క ప్రశ్నలోనే విడాకుల విషయమంతా ఇమిడి ఉన్నది. భర్త విడిచిపెడితే అది తలాఖ్. అప్పుడు బాకీ ఉన్న మహర్ అతడు చెల్లించాలి. భార్య విడిపోతానంటే అది ఖులా. అందులో సాధారణంగా ఆమె మహర్‌ను వదులుకుంటుంది. ఇద్దరూ ఒప్పుకుని విడిపోతే అది ముబారాత్. అప్పుడు ఇద్దరూ కుదుర్చుకున్న షరతులే లెక్క. వదిలించుకోవాలనుకున్నవాడు భర్త అయితే, ఖులా అని రాసిన కాగితం అతని బాకీని అతనికే బహుమానంగా ఇస్తుంది. మేము ఆ రాత్రి చేసినది అదే.

మన చట్టాలలో, న్యాయస్థానాల తీర్పులలో ఉన్నది క్లుప్తంగా మనవి చేస్తాము. 2002లో షమీమ్ ఆరా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తలాఖ్‌కు సహేతుకమైన కారణం ఉండాలనీ, దానికి ముందు ఇరు కుటుంబాల మధ్యవర్తులతో రాజీ ప్రయత్నం జరగాలనీ చెప్పింది. ఇది మనకు కొత్త మాట కాదు. భర్త తరఫున ఒకరిని, భార్య తరఫున ఒకరిని మధ్యవర్తులుగా పెట్టుకోమని ఖుర్ఆన్‌లోని నిసా సూరా ఆదేశించింది. 2017 ఆగస్టు 22న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముగ్గురి ఆధిక్యంతో ఒకే విడతలో చెప్పే మూడు తలాఖ్‌లను కొట్టివేసింది. 2019 చట్టం దానిని నేరంగా చేసి, మూడు సంవత్సరాల వరకు జైలు శిక్ష విధించవచ్చునన్నది. చెల్లదని చట్టమే చెప్పిన మాటకు భర్తను జైలుకు పంపితే ఇంటికి కూడు ఎవరు పెడతారన్న అభ్యంతరం మనలో చాలామందికి ఉన్నది. మాకూ ఉన్నది. ఆ అభ్యంతరాన్ని చట్టబద్ధంగా వినిపిస్తూనే ఉందాము. అయితే అదే చట్టం భార్యకు, ఆమెపై ఆధారపడిన పిల్లలకు జీవన భృతినీ, మైనరు పిల్లల సంరక్షణనూ కోరే హక్కు ఇచ్చిందన్న సంగతిని మన ఆడబిడ్డల నుంచి దాచడం న్యాయం కాదు.

ఇక భార్య వైపు నుంచి చూద్దాము. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఎనభై ఏళ్ళకు పైబడినది. భర్త నాలుగు సంవత్సరాలుగా ఆచూకీ లేకపోయినా, రెండు సంవత్సరాలు పోషణ మానివేసినా, ఏడు సంవత్సరాలు లేదా అంతకు మించి జైలు శిక్ష పడినా, క్రూరంగా హింసించినా భార్య న్యాయస్థానం ద్వారా వివాహాన్ని రద్దు చేయించుకోవచ్చును. ఈ కారణాలు ఉన్న స్త్రీని ఖులా పేరిట మహర్ వదులుకోమనడం ఎందుకు? ఆమె నిజంగానే ఖులా కోరితే, భర్త అంగీకారం కోసం సంవత్సరాల తరబడి గుమ్మం ముందు నిలబడవలసిన అవసరం లేదని 2025 జూన్‌లో మన తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ముఫ్తీ గారు ఇచ్చే ఖులానామా సలహా మాత్రమే అన్నది. రాజీ ప్రయత్నం జరిగిందా, మహర్ తిరిగి ఇచ్చే ప్రస్తావన ఉన్నదా అని కుటుంబ న్యాయస్థానం చూస్తుంది. ఫత్వాలకు చట్టపరమైన బలం లేదని, వాటిని ఎవరిపైనా బలవంతంగా రుద్దరాదని 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పి ఉన్నది. ఉలమాల పట్ల మన గౌరవానికి దీనివల్ల లోటు లేదు. సలహా ఇవ్వడం వారి స్థానం, ఆజ్ఞ ఇవ్వడం న్యాయస్థానం స్థానం.

పోషణ విషయంలో గందరగోళం ఎక్కువ. ఇద్దత్ మూడు నెలలు గడిస్తే భర్త బాధ్యత తీరిపోయిందని నేటికీ మన పంచాయితీలలో అంటున్నారు. షాబానో తీర్పు తరువాత వచ్చిన 1986 చట్టాన్ని వివరిస్తూ, 2001లో డానియల్ లతీఫీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది. ఆమె ముందు జీవితానికి కూడా సరిపోయే న్యాయమైన ఏర్పాటును భర్త ఇద్దత్ కాలంలోపల చేయాలి. ఆ ఏర్పాటు ఇద్దత్ రోజులకు మాత్రమే పరిమితం కాదు. పెళ్ళికి ముందు, పెళ్ళిలో, పెళ్ళి తరువాత ఆమెకు బంధుమిత్రులు ఇచ్చిన సొత్తు కూడా ఆమెదే. 2024 జూలై 10న మన తెలంగాణకు చెందిన ఒక దంపతుల వ్యాజ్యంలోనే, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా నేర విచారణ స్మృతి 125వ సెక్షన్ క్రింద పోషణ కోరవచ్చునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 144వ సెక్షన్.

మళ్ళీ మా మహల్లా అమ్మాయి వద్దకు వస్తాము. ఈ కార్యాలయం వారు బాబు పోషణ కోసం వ్యాజ్యం వేశారు. తల్లి సంతకం బిడ్డ హక్కును తుడిచివేయదని సీనియర్ గారు వాదించారు. పదమూడు వాయిదాల తరువాత బాబుకు నెలవారీ భృతి మంజూరైంది. మహర్ మాత్రం రాలేదు. మేము రాసిన కాగితమే, మా చేతి అక్షరమే, ఆమెకు అడ్డుగా నిలిచింది. ఆ సొమ్ము మేము ఇస్తామని వెళితే ఆమె తీసుకోలేదు. “మీరు ఇంకొకరికి అలా రాయకండి చాచా, అది చాలు” అన్నది. ఆనాటి నుంచి ఆదివారాలు మేము ఇక్కడ కూర్చుంటున్నాము. వచ్చినవారి కాగితాలు వరుసలో పెట్టి ఇవ్వడం మా పని.

కాగితాలంటే ఏవి? ఖాజీ గారి వద్ద నుంచి తెచ్చుకున్న నికానామా నకలు, మహర్ ఎంత, అందులో ఎంత ముట్టింది, ఎంత బాకీ అన్న వివరం, పిల్లల జనన ధృవపత్రాలు, ఆధార్, రేషన్ కార్డు, పెళ్ళిలో ఇచ్చిన బంగారం, సామాను జాబితా, భర్త పంపిన ఉత్తరాలు, ఫోన్‌లో వచ్చిన సందేశాలు. సందేశాలను కోపంతో చెరిపివేయకండి. దెబ్బలు తగిలితే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని ఆ చీటీ దాచుకోండి. మా ఉద్యోగంలో మేము నేర్చుకున్నది ఒక్కటే: కాగితంలో లేని సంగతిని ఏ కార్యాలయమూ ఎరుగదు.

ఖర్చుకు భయపడి ఆగిపోకండి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం, ఆదాయం ఎంత ఉన్నా, స్త్రీకి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితంపై దరఖాస్తు ఇస్తే న్యాయవాదిని నియమిస్తారు. 15100 అనే నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

చివరిగా మస్జిద్ కమిటీల పెద్దలకు మూడు మనవులు. మొదటిది, దంపతులను కలపడానికి కూర్చోండి, అందుకు ఎన్ని రాత్రులైనా వెచ్చించండి. కానీ విడగొట్టే కాగితం మీరు రాయకండి. అది న్యాయవాది ముందు, ఇద్దరికీ చదివి వినిపించి రాయవలసిన కాగితం. రెండవది, ఖాళీ స్టాంపు కాగితంపై ఎవరి చేతా సంతకం చేయించకండి. మూడవది, ఆడబిడ్డ మాట వినేటప్పుడు ఆమె పక్కన ఒక స్త్రీని కూర్చోబెట్టండి. మా పంచాయితీలో ఐదుగురు పెద్దలమూ మగవాళ్ళమే. ఆ రాత్రి ఒక్క స్త్రీ పక్కన ఉన్నా, “నువ్వు నిజంగా అడిగావా?” అని ఆ అమ్మాయిని అడిగి ఉండేది.

ఆ బాబు ఇప్పుడు ఏడవ తరగతి చదువుతున్నాడు. తల్లి ఇప్పటికీ బీడీలు చుడుతున్నది. మహల్లాలో ఎవరింట్లో గొడవ వచ్చినా ఆ ఇంటి ఆడబిడ్డను వెంటబెట్టుకుని ఆదివారం ఇక్కడికి తీసుకువస్తున్నది. ఈ రోజు కూడా ఈ సభలో వెనుక వరుసలో కూర్చుని ఉన్నది. ఆమె అనుమతి అడిగి, పేరు చెప్పనని మాట ఇచ్చి, ఈ సంగతి మీ ముందు పెట్టాము.

మా తప్పును అల్లాహ్ మన్నించుగాక. మీలో ఎవరూ అటువంటి తప్పు చేయకుండా కాపాడుగాక. వస్సలాం.